చెట్టుకి కాసిన స్ట్రాబెర్రీ

రాయగడలో ఉండే మా అన్నయ్యకు మొక్కల పిచ్చి. ఆన్‌లైన్లో తెప్పించుకున్న స్ట్రాబెర్రీ చెట్టు మొక్క వాళ్ల డాబా మీద వేసవికి ఆకులు మాడిపోయి నిలబడితే, వాళ్లని చూడటానికి వెళ్లిన నా చేతిలో పెట్టేశాడు.

"ఇక్కడ ఎండకి ఇది బతకదమ్మీ. మీ కోరాపుట్ సల్లగుంటాది కదా, పట్టుకెల్లిపో."

రైల్లో కుండీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కకిరిగుమ్మలో ఎక్కిన ఒకావిడ పక్కన సర్దుకుని కూర్చుని, అదేం మొక్కని అడిగింది. స్ట్రాబెర్రీ చెట్టని చెప్పాను. ఆవిడ కోరాపుట్ వచ్చేదాకా కిటికీ వైపే మొహం తిప్పుకుని కూర్చుంది. ఆటపట్టిస్తున్నాననుకుందేమో.

మా అత్తమ్మ అయితే, నేను పెరట్లో గొయ్యి తవ్వుతుంటే మొహమాటం లేకుండా అనేసింది.

"స్ట్రాబెర్రీలు నేల మీద కదేటి కాస్తాయి? మీ అన్నని ఎవడో మోసం సేసేడు. ఆ జాగాలో ములగ సెట్టేస్తే పులుసులోకైనా పనికొచ్చును."

"ఇది వేరే జాతండి, అత్తమ్మా. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాదట. అందానికి పెంచుతారు."

"అందమా," అని ఆవిడ వక్కపలుకు నోట్లో వేసుకుంది.

మొదటి వానాకాలంలోనే మొక్క ప్రాణం మీదికొచ్చింది. మొదలు దగ్గర నీళ్లు నిలిచి ఆకులు నల్లబడ్డాయి. ఒక సాయంత్రం కిరాణా కొట్టు నుంచి వచ్చిన మా ఆయన గొడుగు పట్టుకుంటే, నేను మొక్కను వేళ్లతో సహా తీసి, మట్టిలో ఇసుకా రాళ్లూ కలిపి ఎత్తుగా గట్టు పోసి, దాని మీద మళ్లీ నాటాను. మర్నాడు చూస్తే వాన నేరుగా పడకుండా మొక్కకు పైన పాత టార్పాలిన్ కట్టి ఉంది.

"సూసి సూసి సావనిత్తామేటి," అంది అత్తమ్మ, నేను అడగకుండానే.

తర్వాత అది మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. కొన్నేళ్లకు నా తల దాటి ఎదిగింది. ఒక కార్తీకంలో చిన్న చిన్న గంటల్లాంటి తెల్లటి పూలు గుత్తులుగా వేలాడాయి. పూలు రాలి పిందెలు నిలిచాయి గానీ ఎంతకీ పెరగవు. అవి పండటానికి ఏడాది పట్టింది. మళ్లీ కార్తీకం వచ్చేసరికి ఒకే కొమ్మకు కొత్త పూలూ, ఎర్రగా పండిన పళ్లూ. అత్తమ్మ చుట్టుపక్కల ఆడవాళ్లందర్నీ పిలుచుకొచ్చి చూపించింది.

మొదటి పండు ఆవిడకే ఇచ్చాను. గరుకుగా ఉన్న తోలును వేలితో రాసి చూసి, నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను.

"సప్పగుందమ్మీ. ఇసక తగులుతాంది."

నేను కూడా ఒకటి తిన్నాను. నిజమే. ఇద్దరం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుని నవ్వేశాం.

కొన్ని పళ్లు బెల్లం, అల్లం వేసి ఉడికించి అత్తమ్మ జామ్ చేసింది. రొట్టెల్లోకి బాగానే ఉంది. తక్కినవి పిగిలిపిట్టలకు వదిలేశాం. ఆ చలికాలమంతా పొద్దున్నే ఎండలో కుర్చీలు వేసుకుని, టీ తాగుతూ, అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ తినడం చూసేవాళ్లం.