క్లిప్పుల డాక్టరు గారి అమ్మాయి

మా అక్క మొగుణ్ణి వీధిలో అందరూ క్లిప్పుల డాక్టరు అంటారు. బోర్డు మీద అంతకంటే చాలా పొడుగైన పేరుంది, దాని వెనక బోలెడు చదువులున్నాయి. ఆ బోర్డు కింద, మెట్ల పక్కనే, నా కళ్ళజోళ్ళ షాపు. పళ్ళు సరిచేయించుకోవడానికి పైకెళ్ళే జనం నా షాపు అద్దంలో ఓసారి నోరు తెరిచి చూసుకుని మరీ వెళతారు. అలా చూసుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా ఇంతవరకూ నా దగ్గర కళ్ళజోడు కొనలేదు.

బావ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నయం, మిగతాదంతా విన్నాక చెబితే ఎవరూ నమ్మరు. ఆయనకు వంకర కనిపిస్తే చేతులు ఊరుకోవు. మా ఇంటికొస్తే కూర్చోకముందే గోడ మీద ఫొటో సర్దుతాడు, తలుపు దగ్గర చెప్పులు జతచేస్తాడు. పెళ్ళయిన కొత్తలో అక్క ఎప్పుడు నవ్వినా మొహం చూసేవాడు కాదట, పై వరసే చూసేవాడట. అక్క ఇప్పటికీ ఆ మాట ఎత్తి ఆయన్ని ఏడిపిస్తుంది.

పనిలో మాత్రం ఆయనది బంగారంలాంటి చెయ్యి. ఒక్కో పంటికీ గోరంత బ్రాకెట్ అతికించి, వాటి గుండా సన్నటి తీగ పోనిస్తాడు. తీగ తన పాత ఆకారానికి రావాలని చూస్తుంది, పళ్ళు నెమ్మదిగా దాని వెంట నడుస్తాయి. "పన్ను గోడలో దిగ్గొట్టిన మేకు కాదు, బతిమాలితే జరుగుతుంది, తొందరపెడితే మొండికేస్తుంది" అంటాడు. పళ్ళతో అంత ఓపికగా మాట్లాడే మనిషి వాటి యజమానులతో అలా మాట్లాడడు.

ఎందుకంటే తీగతో అయ్యేది సగం పనే. మిగతా సగం రబ్బర్లది. పై కోరపన్ను దగ్గర ఒక కొక్కెం, కింద దవడపన్ను దగ్గర ఒక కొక్కెం, రెంటికీ కలిపి ఉంగరం కంటే చిన్న రబ్బరు తగిలించాలి. ముందుకు పొడుచుకొచ్చిన పై వరసను వెనక్కి లాగేది అదే. తినేటప్పుడూ పళ్ళు తోముకునేటప్పుడూ తప్ప తియ్యకూడదు. ఇళ్ళల్లో ఎవరు వేసుకుంటున్నారో ఎవరు మానేశారో కాపలా కాసే నాథుడు లేడు. అందుకని, పేరుకి పళ్ళ వైద్యమే గానీ, బావ అసలు వృత్తి అబద్ధాలు పట్టుకోవడం.

ఆ విద్యలో ఆయన్ని కొట్టేవాడు లేడు. "రబ్బర్లు వేసుకుంటున్నావా?" అని అడుగుతాడు. "వేసుకుంటున్నానండీ" అంటారు, అందరూ అదే అంటారు. "ఏదీ, ఒకటి తీసి మళ్ళీ పెట్టు" అంటాడు. రోజూ వేసుకునే మనిషి చొక్కా బొత్తాం పెట్టుకున్నంత తేలిగ్గా, ఎటో చూస్తూ పెట్టేస్తాడు. వేసుకోని మనిషి అద్దం అడుగుతాడు. అద్దం అడిగినవాడి పని అయిపోయినట్టే. బావ కేకలెయ్యడు, హితబోధ మొదలుపెడతాడు. కేకలేస్తేనే బాగుండేదని కిందికొచ్చాక నాతో చాలామంది అన్నారు.

మా మేనకోడలికి పై వరస ముందుకొచ్చింది. సొంత పిల్లలకి సొంత చేత్తో వైద్యం చెయ్యకూడదని ఆ వృత్తిలో పెద్దలంతా చెబుతారు. బావ కూడా చెబుతాడు, ఇతర డాక్టర్లకి. తన దాకా వచ్చేసరికి "నా కూతురి నోట్లో ఇంకొకడు చెయ్యి పెట్టడమేమిటి" అని తనే క్లిప్పులు వేశాడు. తీగతో వంకరలు పోయాయి. వరసను వెనక్కి లాగే రబ్బర్ల వంతు వచ్చింది. ఆ నెల నుంచే ఆయన హితబోధలో కొత్త భాగం చేరింది. "మా అమ్మాయిని చూడండి. స్కూలు, చదువు, డిబేట్లు, అన్నీ ఉన్నాయి దానికి. అయినా రబ్బరు తియ్యదు. మీకేం వచ్చింది?" పై అంతస్తులో ఈ మాట మొదలైతే కింద నేను కళ్ళద్దాలు తుడుస్తూ ఆ మాటలకే పెదాలు కదిపేవాణ్ణి, అంతగా వినేశాను.

నెలలు గడిచాయి. పిల్ల పై వరస వెంట్రుకవాసి కూడా వెనక్కి జరగలేదు.

బావ తీగ మార్చాడు. బ్రాకెట్లు ఊడదీసి మళ్ళీ అతికించాడు. గట్టి రబ్బర్లు తెప్పించాడు. పక్కనుంచి ఎక్స్‌రే తీసి, దాని మీద పల్చటి కాగితం పెట్టి, పెన్సిల్‌తో దవడ బొమ్మ గీసి, కొలిచి, చెరిపి మళ్ళీ గీశాడు. చివరికి తప్పు ఎముకదని తేల్చాడు. ఆ ఎముక తన వైపుది కాదని కూడా తేల్చాడు. నన్ను పైకి పిలిచి, ఆ మిషన్లో నిలబెట్టి, నాక్కూడా ఎక్స్‌రే తీశాడు. రెండూ పక్కపక్కన వెలుతురుకి పట్టుకుని, "మీ దవడే. అచ్చం మీ దవడే. మొండిది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత విన్నాను గానీ, ఆ మద్దెల నేనే అవుతానని అనుకోలేదు.

"అది కాదు బావా, పిల్ల అసలు రబ్బర్లు వేసుకుంటోందా?" అన్నాను.

నేనేదో బూతు మాట అన్నట్టు చూశాడు. "అది నా కూతురు" అన్నాడు. అంతటితో విచారణ ముగిసింది. ఊళ్ళో పిల్లలందరినీ అద్దంతో పట్టుకున్నవాడు ఇంట్లో పిల్లని ఒక్కసారి కూడా "ఏదీ, తీసి పెట్టు" అనలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు, సరే. కాకి డాక్టరైతే ఇంకా కష్టం.

ఇక మిగిలిన దారి ఒక్కటే అన్నాడు. కోరపళ్ళ వెనక చెరో పక్కా ఉన్న పన్ను పీకించి, ఆ ఖాళీలోకి ముందు వరసను లాగాలి. పుచ్చు లేదు, నొప్పి లేదు, రెండూ శుభ్రమైన పళ్ళు. పోతే మళ్ళీ రావు. అక్క అన్నం కంచం ముందు కూర్చుని ఏడ్చింది. "మంచి పళ్ళు పీకించడానికి మీకు చేతులెలా వస్తాయండీ?" అంది. రావు, అందుకే వేరే డాక్టరు దగ్గరికి పంపుతున్నానన్నాడు. అన్నాడు గానీ ఆయన కూడా ముద్ద నోట్లో పెట్టుకోలేదు. పీకే రోజున వెంట వెళ్ళడానికి కూడా ధైర్యం చాలలేదు. పేషెంట్లున్నారని వంక చెప్పి, మొండి దవడలు రెంటినీ కలిపి పంపించాడు.

పిల్ల దారిపొడుగునా మాట్లాడలేదు. డిబేట్లలో అవతలివాళ్ళకి ఊపిరాడనివ్వని పిల్ల. "భయమేస్తోందా?" అంటే అడ్డంగా తలూపింది. "పీకేశాక ఇంక రబ్బర్లు ఉండవు కదా మామయ్యా?" అంది. ఉండవులే అని ఓదార్చాను. నాకేం తెలుసు, నేను కళ్ళజోళ్ళవాణ్ణి.

పళ్ళు పీకే డాక్టరమ్మ బావతో కలిసి చదువుకున్న మనిషి. పిల్లని కుర్చీలో పడుకోబెట్టి, మెడకి కాగితం కట్టి, సూది సిద్ధం చేసుకుంది. పిల్ల మళ్ళీ అదే ప్రశ్న వేసింది.

"ఎందుకుండవమ్మా, ఇంకా ఎక్కువ ఉంటాయి" అంది డాక్టరమ్మ. "వెనక పళ్ళు ముందుకి జారకుండా చూసుకోవాలిగా. నీకు అలవాటే కదా, మీ నాన్న ఎక్కడ కలిసినా అదే చెబుతాడు."

పిల్ల కప్పు వైపు చూసింది. "అయితే వద్దండీ" అంది.

డాక్టరమ్మ సూది చేతిలోనే ఉంచుకుని ఆ మొహం కేసి చూసింది. తరవాత సొరుగులోంచి ఒక రబ్బరు తీసి పిల్ల చేతిలో పెట్టింది. "ఇది పెట్టుకో తల్లీ" అంది.

పిల్ల అద్దం అడిగింది. అద్దం ఇచ్చాక కూడా కొక్కెం దొరకలేదు. మూడోసారి రబ్బరు ఎగిరి డాక్టరమ్మ కళ్ళజోడుకి తగిలింది. ఆవిడ సూది ట్రేలో పెట్టేసి, మెడలో కాగితం విప్పింది. "మీ బావకి నేను ఫోన్ చెయ్యనండీ" అంది నాతో. "తీసుకెళ్ళి దీని చేతే చెప్పించండి. తొందరేం లేదు, పళ్ళెక్కడికీ పోవు."

నాకు ఒళ్ళు మండిపోయింది. రోడ్డు మీదే నిలబెట్టి అడిగాను. "ఏమే, నోరు తెరిచి ఒక్క మాట చెబితే పోయేదానికి పళ్ళు ఊడగొట్టించుకుంటావా?"

అప్పుడు చెప్పింది. మొదటి నెల వేసుకుందట. డిబేట్లో గట్టిగా మాట్లాడుతుంటే రబ్బరు తెగి, ముందు వరసలో కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్ మీద పడిందట. హాలంతా నవ్వారట. ఆ రోజునుంచి తీసేసింది. ఇంటికొచ్చి చెబుదామనుకుని సాయంత్రం క్లినిక్కి వెళ్ళేసరికి, వాళ్ళ నాన్న హాలు నిండా జనం ముందు "మా అమ్మాయిని చూడండి" అంటున్నాడట.

"మరి నెలనెలా తీసుకున్న రబ్బరు ప్యాకెట్లేం చేశావు?"

"క్లాసులో నాన్న పేషెంట్లున్నారుగా మామయ్యా. వాళ్ళకి అయిపోతే ఇచ్చేదాన్ని." ఆ పిల్లలకి పళ్ళు చాలా త్వరగా జరిగాయని బావ ఆ మధ్య గొప్పగా చెప్పుకున్నాడు. కోపంలో కూడా నాకు నవ్వొచ్చింది.

మేం మెట్లెక్కేసరికి క్లినిక్ నిండుగా ఉంది. కుర్చీలో ఒక బ్యాంకు ఉద్యోగి నోరు తెరిచి పడుకున్నాడు, అతని చేతిలో అద్దం ఉంది. బావ గొంతు ఎప్పటికంటే మెత్తగా ఉంది. "మా అమ్మాయి ఇంత నిష్ఠగా వేసుకున్నా, ఎముక మొండిదై ఈ పూట మంచి పళ్ళు రెండు పోగొట్టుకుంటోందండీ. మీకు దేవుడు మెత్తటి ఎముకిచ్చాడు. వేసుకోవడానికి మీకేం వచ్చింది?" అంటున్నాడు.

అంటూ తల తిప్పి పిల్లని చూశాడు. నోట్లో దూది లేదు, బుగ్గ వాపు లేదు. "ఏమైంది? పీకలేదా?" అన్నాడు. ఆ గొంతులో ఆశ ఎంత ఉందంటే, నాకు ఆయన మీద జాలేసింది.

"నేను రబ్బర్లు వేసుకోవట్లేదు నాన్నా" అంది పిల్ల. డిబేట్లలో మాట్లాడే గొంతు కాదది, అయినా హాలు చివరిదాకా వినిపించింది. "మొదటి నెల తరవాత వేసుకోలేదు. మామయ్య దవడ మంచిదే."

బ్యాంకు ఉద్యోగి నోరు మూసుకున్నాడు. బయట కూర్చున్నవాళ్ళు సెల్‌ఫోన్లు పక్కన పెట్టారు. బావ మొహం ఎర్రబడి, మళ్ళీ తెల్లబోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని నాలో నేను అనుకుని, అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడ్డాను.

"చెప్పలేదేమ్మా?" అన్నాడు చివరికి.

"నువ్వు అడగలేదు. అందరినీ అడుగుతావు."

"అడిగితే చెప్పేదానివా?"

పిల్ల నిజంగానే ఆలోచించింది. "చెప్పేదాన్ని కాదు. వేసుకుంటున్నాననే అనేదాన్ని" అంది. "నువ్వు పట్టుకునేవాడివి."

బావ చేతులకి గ్లౌజులున్నాయి, వాటితో కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేదు. చేతులు రెండూ గాల్లో ఎత్తిపట్టుకుని అందరి ముందూ అలాగే నిలబడ్డాడు.