మా ఆయన మెరుపు తీసేసిన నేల

మా ఆయన ఆటల హాళ్లలో చెక్క నేలలు బాగుచేస్తాడు. ఏళ్ల తరబడి బూట్ల కింద నలిగిన నేలని మిషన్ పెట్టి గీకి, పగుళ్లు పూడ్చి, వార్నిష్ పూసి, గీతలు మళ్లీ గీస్తాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల నిండా చెక్కపొడి. సొంత ఇంటి తలుపు కిర్రుమంటుంటే మాత్రం ఆ మహానుభావుడికి వినపడదు.

మా పేట వాలీబాల్ హాలు పని వచ్చినప్పుడు ఆయన సంబరం చూడాలి. మా అమ్మాయి ఆడేది అక్కడే. బంతిని అడుగడుగునా నేలకేసి కొట్టి, చప్పుడు బోలుగా వచ్చిన చోటల్లా పలక ఊడదీసి మళ్లీ బిగించాడు. పని అయ్యాక ఆ నేలలో మొహం చూసుకోవచ్చు.

అదే కొంప ముంచింది. హాలు సెక్రెటరీ చూసి మురిసిపోయి తలుపుకి తాళం వేయించాడు.

"ఇంత అందమైన నేలని ఆ పిల్లల చేత తొక్కిస్తామా? ఫంక్షన్లకి ఉంచుదాం. వాళ్లు బయట ఆడుకుంటారులే" అన్నాడు.

"ఆడుకోడానికేగా చేసిందండీ" అన్నాడు మా ఆయన.

"నీ పనితనం కాపాడుతున్నానయ్యా. సంతోషించక."

నాకు ఒళ్లు మండిపోయింది. పోటీలు నెత్తిమీదకొచ్చాయి. ఆడపిల్లలు సిమెంటు మీద దూకి, పడి, మోచేతులు గీరుకుపోయి ఇళ్లకొస్తున్నారు. లోపల మాత్రం ఆ నేల దర్జాగా ఖాళీగా పడుంది. ఎవరి కోసం? మైకు ముందు ఈ పెద్దమనిషి నిలబడే గంటసేపటి కోసం.

ఆ పూట మా ఆయన కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. మర్నాడు వెళ్లి, ఆఖరి పూత మిగిలిందని చెప్పి తాళం తీయించాడు. నేలంతా సన్న ఉప్పుకాగితంతో రుద్ది, మెరుపులేని వార్నిష్ పూశాడు. నేల గట్టిదనం తగ్గలేదు, కాలికి పట్టు కూడా బాగానే ఉంది. నిగనిగ ఒక్కటే పోయింది.

ఆరాక సెక్రెటరీ వచ్చి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఇదేంటయ్యా, పాతదానిలాగే ఉంది. చేతులారా పాడుచేశావు. ఇక దాచి ఏం లాభం" అని తాళంచెవి కోచ్ చేతిలో పడేశాడు.

అక్కడితో ఊరుకున్నాడా? మా ఆయనకి పని రాదని పేటంతా టముకేశాడు. పిలుస్తామన్న పక్కపేట హాలువాళ్లు కూడా మానుకున్నారు. నేను ఆయన మీద విరుచుకుపడ్డాను.

"ఎన్నాళ్లు పడతారు ఈ మాటలు? నేను వెళ్లి నిజం చెప్పేస్తాను."

"చెప్పు. రేపే ఎవరిచేతో మళ్లీ మెరుపు పెట్టించి తాళం వేస్తాడు."

"మరి మీ పేరో?"

"నా పేరేమన్నా వాలీబాల్ ఆడుతుందా? పిల్లల్ని ఆడనీ."

పోటీల రోజు ఆ సెక్రెటరీ నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. నేల వైపు వేలు పెట్టి, "మీ ఆయన దీన్ని తగలేశాడమ్మా" అన్నాడు. ఎదురుగా మా అమ్మాయి బంతి పట్టుకుని సర్వీసు వేయబోతోంది.

"అవునండీ, ఈసారి ఎందుకో సరిగ్గా చెయ్యలేకపోయారు" అన్నాను, పళ్లు నూరుకుంటూ.