సత్తన్న ఒంటికన్ను కెమెరా

మా చిన్నప్పుడు... కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నంలో మా పెద్దమ్మ ఇంటి ముందు ఒకటే జనం. ఆమె కొడుకు సత్తన్న దుబాయి నుంచి కెమెరా తెచ్చాడు. నేను వెనకాల నిలబడి కుళ్ళిపోతున్నాను. దాచేదేముంది... కోరుట్లలో ఫోటో స్టూడియో మా బాపుది. కెమెరా అంటే మా ఇంటి సొత్తని నా లెక్క.

బాపుది రెండు కళ్ళ డబ్బా కెమెరా. పై కన్ను మనం చూసుకోవడానికి, కింది కన్ను ఫోటోకి. సత్తన్న దానికి ఒక్కటే కన్ను.

"గిది కొత్త మాడలు తమ్మీ. నువ్వేం జూస్తవో గదే ఫోటో. ఎలుగు అదే జూసుకుంటది, రీలు అదే తిప్పుకుంటది. నేను బటన్ ఒత్తుడే."

"మరి నువ్వెందుకే అన్నా?" అన్నాను. అందరూ నవ్వారు. సత్తన్న నవ్వలేదు. లెన్సు ఊడదీసి లోపలి చిన్న అద్దం చూపించాడు.

అప్పుడే వచ్చింది పెద్దమ్మ. సైకిలైనా, రేడియో అయినా, కొత్త సామానుకు బొట్టు పెట్టనిదే ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. తడి పసుపు వేలు తిన్నగా అద్దం మీద పెట్టింది.

"అవ్వా! ఏం జేస్తివే!"

"ఏం జేసిన్రా? బొట్టు వెట్టిన. గట్ల ఒర్రుతవేంది?"

సత్తన్న బట్టతో తుడిచాడు. అద్దమంతా పసుపు అలికినట్టయింది. కన్ను పెట్టి చూస్తే లోకమంతా పచ్చగా ఉంది. నా ప్రాణం చల్లబడింది...

ఎందుకంటే సిరిసిల్లలో రాజేశం బిడ్డ పెళ్లి దగ్గరపడింది. సాంచెలు, అంటే పవర్‌లూములు నడిపించే ఆసామి ఆయన. వాళ్ళింటి ఫోటోలన్నీ బాపువే. కొత్త కెమెరా సంగతి విని ఈసారి సత్తన్నను కూడా పిలిచాడు. "ఎవలయి మంచిగొస్తే ఇగ మా ఇంటి పని ఆళ్లకే" అన్నాడు మొహం మీదే. ఆ ఇల్లు పోతే ఆ వాడంతా పోయినట్టే. బాపు తిండి అందులో ఉంది.

సత్తన్న హైదరాబాదు పోయి అద్దం బాగు చేయించుకుందామనుకున్నాడు. అడవిలోని నక్సలైట్ అన్నలు బంద్ పిలిచారు. బస్సుల్లేవు. నేను లోలోపల అన్నలకు దండం పెట్టుకున్నాను.

బంద్ అయిపోయిన మర్నాడే పెళ్లి. నలుగురు గుమిగూడితే పోలీసులు ఆరా తీసే రోజులవి... పందిరి బయట వేయకుండా, సాంచెలు ఆపి, షెడ్డులోనే తలుపులు ఓరగా వేసి చేశారు. లోపలంతా మసక.

"ఫ్లాష్ మెరుపు కొట్టకుండ్రి, బయట పోలీసోళ్లు తిరుగుతుండ్రు" అన్నాడు రాజేశం.

బాపు ఎప్పటిలాగే కంటితో వెలుగు అంచనా కట్టి తీశాడు. సత్తన్న ఆ పచ్చ అద్దంలోకి కన్ను చికిలించి తీశాడు. ఉన్నది ఒక్కటే కన్ను కదా... ఫోటో కూడా పచ్చగా రావాల్సిందే అని మురిసిపోయాను.

ఫోటోలు వచ్చాయి. సత్తన్నవాటిలో పెళ్లిపిల్ల మొహం కడిగినట్టుంది. మరక జాడే లేదు. ఆ మసకలో వెలుగు అంచనా తప్పి బాపువి సగం నల్లగా వచ్చాయి. రాజేశం మొహమాటపడ్డాడు గానీ మాట మార్చలేదు.

బాపు కుమిలిపోతాడనుకున్నాను. ఆయనేమో సత్తన్న కెమెరా అడిగి తీసుకుని, లెన్సు తీసి బటన్ ఒత్తాడు. టక్కుమని అద్దం పైకి లేచి మళ్ళీ కిందికి పడింది.

"ఓరి నీ... ఫోటో తీసేటప్పుడు గిది అడ్డం తొలుగుతదిరా! పసుపు మన కంటికే, రీలుకు గాదు!"

మళ్ళీ ఒత్తాడు. మళ్ళీ...

"చాలు చిన్నబాపూ, ఖరాబైతది."

"ఆగురా, ఇంకొక్కసారి!"

చేతిలో పని పోయిన మనిషి, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. నేను మొదటిసారి బావిలో దూకి ఈత కొట్టినప్పుడు కూడా నన్ను అట్లా చూడలేదు.

ఆ తర్వాత మా స్టూడియోకి పాస్‌పోర్టు ఫోటోలే మిగిలాయి. చూపు, అదే ఫోకస్ కూడా తానే సరిచేసుకునే కెమెరాలు వచ్చాయి. ఆఖరికి రీలే లేకుండా పోయింది. నా మనవరాలు ఫోనులో పది తీసి తొమ్మిది చెరిపేస్తుంది. కెమెరా కొత్తదని ఎప్పుడంటారో చదువుకున్నవాళ్ళు చెప్పాలి. నాకు తెలిసిందైతే ఒక్కటే... మనిషి చేసే పని తాను చేసి, మనిషిని పక్కన నిలబెట్టేదే కొత్తది.

సత్తన్న పోయి ఏళ్ళయింది. ఆయన మీద కోపం లేదు. ఆ కెమెరా మీద మాత్రం కడుపుమంట చల్లారలేదు... చల్లారదు కూడా.

మీ వాడకట్టులో మొదటి కెమెరా ఎవరింటికి వచ్చింది? చూసి ఎవరు కుళ్ళుకున్నారు? సిగ్గుపడకుండా రాయండి... నేను రాశాను కదా.