పేరులేని కామెంటు, ఇద్దరు పిల్లల తల్లి

తిట్లు తినేది జల్లెడమ్మ, సంతకం పెట్టేది మేనేజరు. ఇస్త్రీపెట్టెలు తయారుచేసే ఆ కంపెనీ బ్లాగులో ఆరేళ్ళుగా నడుస్తున్న న్యాయం అది. కొన్నవాళ్ళ కోపమంతా చదివి, మింగి, నెమ్మదిగా జవాబు రాసేది ఆమె. కింద పడేది ఆయన పేరు. మర్యాదగా జవాబిచ్చే సంస్థ అని ఎవరో షీల్డు ఇస్తే అది ఆయన గది గోడకెక్కింది. మేకు కొడుతుంటే స్టూలు కదలకుండా పట్టుకున్నది మాత్రం ఆమే. పనికొచ్చే కామెంట్లను పైకీ మిగతావాటిని చెత్తలోకీ వేరుచేస్తుంది కాబట్టి ఆఫీసులో ఆమెకు జల్లెడమ్మ అన్న పేరు పడింది. ఆమెది లిఫ్టు పక్క గది, జనరేటరు వైపు కిటికీ. అది మోగితే గ్లాసులో నీళ్ళు కూడా వణికేవి.

పేరున్న విమర్శకు జవాబు, పేరులేనిదానికి చెత్తబుట్ట. ఇది మేనేజరు శాసనం.

"పేరు చెప్పుకునే దమ్ములేనివాడి మాటకు విలువేంటమ్మా? పిరికిపందలు!" అనేవారు.

ఈ వీరుడే ప్రతి సోమవారం ఒక్కో విభాగం నుంచి ఐదేసి మెచ్చుకోళ్ళు రాయించేవారు, అన్నీ దొంగపేర్లతో. పెళ్ళి కాని స్టోరుకీపరు "మా ఆవిడ మురిసిపోయింది" అని రాసి రాసి, ఆ లేని ఆవిడ మీద మమకారం కూడా పెంచుకున్నాడు.

ఒక మంగళవారం పొద్దున్నే ఓ కామెంటు వచ్చింది. "కొత్త మోడల్లో వైరు పిడిలోకి దూరేచోట రబ్బరు పలచన. ఇరవై నిమిషాలు వాడితే కరుగుతుంది. ఇంకెవరి చెయ్యీ కాలకముందే అమ్మకం ఆపండి." పేరు లేదు.

జల్లెడమ్మ వేలు డిలీట్ మీదికి వెళ్ళి ఆగిపోయింది. అరచెయ్యి బొబ్బలెక్కిందని ఎవరో రాసినదాన్ని, పేరు లేదని, కిందటి వారమే తీసేసింది. ఇప్పుడు వచ్చింది తిట్టు కాదు, లోగుట్టు తెలిసిన మనిషి మాట. తీసుకెళ్ళి మేనేజరుకు చూపించింది.

"ఇరవై నిమిషాలని కచ్చితంగా చెప్తున్నాడంటే వీడు మనవాడే. ఇంటిదొంగ!" అన్నారాయన. "ఎక్కడి నుంచి వచ్చిందో నీకు కనిపిస్తుందిగా? సాయంత్రానికి పేరు నా బల్ల మీదుండాలి. ఉద్యోగం ఊడబెరుకుతా."

"మరి రబ్బరు సంగతి సార్?"

"ముందు పేరు."

మధ్యాహ్నం టెస్టింగు గది పెద్దాయన టిఫిను డబ్బాతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే మనిషి. డబ్బా మూత తియ్యలేదు.

"పేరు అడుగుతున్నారటగా అమ్మాయ్?"

"అవును బాబాయ్."

"ఆ మోడలు బాగోలేదని రెండుసార్లు కాగితం పెట్టా. చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారు. నాకింకా ఏడాదే సర్వీసు. ఇప్పుడు పొమ్మంటే..."

"నాకేం చెప్పకు బాబాయ్. చెప్తే నాకు తెలిసిపోతుంది. ముందు అన్నం తిను, చల్లారిపోతోంది."

సాయంత్రం ఆమె మేనేజరు బల్ల మీద ఇటుకంత కాగితాల కట్ట పెట్టింది.

"మన బిల్డింగు నుంచే వచ్చింది సార్. కానీ ఇక్కడి కంప్యూటర్లన్నిటికీ బయటికి కనిపించే చిరునామా ఒక్కటే."

"అయితే ఇవన్నీ ఏంటి?"

"అదే చిరునామా నుంచి వచ్చిన మిగతా కామెంట్లు. ఈ ఆర్నెల్లవే నాలుగొందల పన్నెండు. మనిషి దొరకాలంటే ఒక్కోటి ఎవరు రాశారో అడుగుతూ పోవాలి. పై ఆఫీసుకి కూడా ఒక కాపీ పంపి, మొదటిదాని నుంచి మొదలుపెట్టమంటారా?"

మొదటిది "ఇద్దరు పిల్లల తల్లి" రాసింది. "ఈ ఇస్త్రీపెట్టె నా మూడో బిడ్డ" అని. ఆ తల్లికి గుబురు మీసాలున్నాయనీ, ఇప్పుడు ఎదురుగా కుర్చీలోనే ఉందనీ ఆఫీసులో అందరికీ తెలుసు.

మేనేజరు ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "వద్దులే. ఎవడో ఒకడు. వదిలెయ్," అన్నారు.

ఆమె గదికి వచ్చి ఆ కామెంటును పైకెక్కించింది. కింద జవాబు రాసింది: "మీరు చెప్పింది నిజం. ఆ మోడలు వాడకండి. ఎవరికైనా ఇలా జరిగితే ఇక్కడే రాయండి." ఆరేళ్ళలో మొదటిసారి, కింద తన పేరు పెట్టుకుంది.

మర్నాటి మధ్యాహ్నానికి అరవై ఒక్క మంది రాశారు. వారం తిరక్కుండా కంపెనీ ఆ మోడలు వెనక్కి తెప్పించింది. "వినడమే మా ఊపిరి" అని మేనేజరు బ్లాగులో వ్యాసం రాశారు. ఆ ఊపిరి ఇంకా వదలకముందే కామెంట్ల పెట్టెకు తాళం పడింది. బాబాయ్ ఉద్యోగం నిలిచింది. జల్లెడమ్మను గోదాములో అట్టపెట్టెలకు లేబుళ్ళు అంటించే పనికి మార్చారు.

ఇది చదివి "అయ్యో పాపం" అనుకుని ఊరుకోకండి. మీ ఇంట్లో ఏ వస్తువైనా చెయ్యి కాలిస్తే మోడలు నంబరు, తేదీ వేసి జరిగింది జరిగినట్టు రాయండి. తీసేస్తే మళ్ళీ రాయండి. పెట్టె మూసేస్తే కాగితం మీద రాసి దుకాణంలో ఇచ్చి, ముట్టినట్టు రసీదు పట్టండి. భయముంటే పేరు మానేయండి, నిజం మాత్రం మానకండి. ఒకవేళ మీరు అటువైపు కుర్చీలో ఉన్నవాళ్ళయితే, డిలీట్ నొక్కేముందు ఒక్కసారి ఆ వైరును మీ చేత్తో పట్టుకుని చూడండి. ఇరవై నిమిషాలు చాలు.