పడుగు కోయొద్దన్నది నేనే

పదో తరగతితోనే నా బడి ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయంలోనే. బట్టల షాపులో పని అయ్యాక గంటసేపు అక్కడ కూర్చుని, తుఫాన్ల మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. డెబ్బై ఏడులో దివిసీమ ఉప్పెన, తొంభై తొమ్మిదిలో ఒడిశా, అన్నిటికీ ముందు డెబ్బైలో గంగ సముద్రంలో కలిసే చోట లక్షల మందిని మింగిన తుఫాను. ఎవరు కదిలించినా గడగడా చెప్పేవాణ్ని. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మా మేనమామ నన్ను ‘లైబ్రరీ సారు’ అని వెక్కిరించేవాడు. కానీ ఏ సంగతి తెలియాలన్నా నన్నే అడిగేవాడు.

మొంథా తుఫాను వస్తోందని టీవీలు మొత్తుకుంటున్న రోజు కూడా నన్నే అడిగాడు.

ఆయనది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తారు. పడుగు, అంటే మగ్గం పొడవునా ఎక్కించిన దారాలు, నేలకు జానెడు ఎత్తులోనే సాగి ఉంటాయి. ఎర్ర తెల్ల చారల జంపఖానా అప్పటికి సగం అయింది. మామ చేతులు వణకడం మొదలై ఏడాది. ఇదే ఆఖరిది, ఇది దించి మానేస్తానని అత్తకు మాటిచ్చాడు.

“అల్లుడా, తుఫాన్ వస్తాందట గదా. జర చెప్పు, పడుగు కోసి అటక మీద పెట్టాల్నా?”

ఆ ఇంట్లో ఎక్కించిన పడుగును నేసి దించుతారు తప్ప కోసి దించరు. మామ తండ్రి పోయిన రోజు ఒక్కసారే కోశారు. అలాంటి మనిషి తనంతట తాను కత్తెర పట్టుకుని అడిగాడంటే ఎంత భయపడ్డాడో నాకు అర్థం కావాల్సింది.

“కొయ్యకు మామా, ఫికర్ చేయకు. తుఫాన్‌కు బలం సముద్రం నీళ్లే. భూమ్మీదికొచ్చినంక దమ్ము పోతది. దివిసీమ ఏడ, వరంగల్ ఏడ!”

“పుస్తకంల ఉన్నదా?”

“ఉన్నది.”

ఆయన కత్తెర పక్కన పెట్టాడు.

మర్నాడు గాలి రాలేదు, నిజమే. వాన వచ్చింది. పొద్దున పట్టుకున్నది ఆగలేదు. సాయంత్రానికి గల్లీలో మోకాలి లోతు. ఒకప్పుడు ఆ నీళ్లు పక్కనున్న నాలా కాలువలోకి పోయేవి. ఇప్పుడు నాలా మీద కొందరు పిల్లర్లు లేపి మూడంతస్తులు కట్టుకున్నారు, సిగ్గు లేకుండా గృహప్రవేశానికి మమ్మల్నే పిలిచారు. పోవడానికి దారి లేని నీళ్లు మామ గడప ఎక్కాయి. ముందు గుంట నిండింది, తర్వాత పడుగు మునిగింది. ఎరుపు తెలుపులోకి దిగింది. అత్త బియ్యం డబ్బాను మంచం మీదికి ఎక్కిస్తుంటే, మామ ఆ నీళ్లలోనే నిలబడి మగ్గం కట్టెను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

నాలుగు రోజులకు ఒకాయన సర్కారు కాగితం పట్టుకుని నష్టం రాసుకోవడానికి వచ్చాడు. చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడ్డాడు.

“గోడలు కూలినయా?”

“లేదు సారూ, మగ్గం మునిగింది.”

“మగ్గానికి ఇందుల గడి లేదు. ఇల్లు కూలిందా, బర్రె సచ్చిందా, పంట పోయిందా, గంతే.”

“ఇంట్ల వరి పండిస్తమా సారూ?” అన్నాడు మామ.

ఆయన నవ్వి పక్కింటికి పోయాడు. ఆయన చేతిలో కాగితం లాక్కుని చింపాలనిపించింది నాకు. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ మంటతోనే లైబ్రరీకి పోయి అదే పుస్తకం తెరిచాను. నేను చెప్పింది ఉంది. పేజీ తిప్పితే, తీరం దాటాక గాలి తగ్గినా వాన వందల కిలోమీటర్లు లోపలికి పోయి కురుస్తుందని, తీరంలో ఉప్పెన చంపితే లోపల వరద చంపుతుందని కూడా ఉంది. ఆ పేజీ చదవలేదా? చదివాను. అంచున పెన్సిల్ గీత నాదే. గాలి వేగాలు, చచ్చినవాళ్ల లెక్కలు నోటికి నేర్చుకున్నాను. నలుగురిలో చెబితే నోరు తెరుచుకుని వినేది అవే. వాన సంగతి ఎవరూ వినరని వదిలేశాను. నాలా మింగినవాళ్ల మీద నా కోపం చల్లారలేదు, చల్లారకూడదు. కానీ మామ సలహా అడిగింది వాళ్లను కాదు.

నేరుగా ఆయన దగ్గరికే పోయాను.

“మామా, వాన సంగతి పుస్తకంల ఉండె. నేనే చెప్పలే.”

మామ తిట్టలేదు. బూజు పట్టిన పడుగు వైపు చూశాడు. కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు.

“మా నాయిన పోయిన్నాడు కోసిన. మల్ల నాతోని కాదు. నువ్వే కొయ్యి.”

తడిసి ఎండిన నూలు కత్తెరకు లొంగదు. వేళ్లు బొబ్బలెక్కాయి. మామ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సగం దారాలు తెగాక వెనక నుంచి అత్త అంది.

“జల్ది కానీయ్, లైబ్రరీ సారూ.”

ఆ పేరుతో అత్త నన్ను పిలవడం అదే మొదటిసారి.