లంక నుంచి తెచ్చిన నిప్పు

పిన్నీ, నా రాత చూసి నవ్వకు. వీధిబడిలో నేర్చిన నాలుగక్షరాలూ పెళ్లయ్యాక పొయ్యి పొగలో సగం చెరిగిపోయాయి. తప్పులుంటే దిద్దుకుని చదువు. మా తోడికోడలు, నేను అక్కయ్య అని పిలిచే ఆవిడ, మొన్న ఆయాసం ఎక్కువై పోయారు. నా పెళ్లిలో ఒక్కసారి చూశావు. ఎలాంటి మనిషని అడిగావు కనుక రాస్తున్నాను.

ఏటి నడుమ లంకలో ఉన్నప్పుడు మా పెరడును గోదావరి ఏటేటా కోసుకుపోయేది. ఆ ఏడు వరద తీశాక చూస్తే పశువులపాక సగం లేదు. ముక్తేశ్వరం వెళ్లిపోదామన్నారు మామగారు. ఇల్లు సర్దే పని అక్కయ్యకు ఎవరూ అప్పజెప్పలేదు. అందరి చూపూ అటు తిరిగింది, అంతే.

"దిగగానే కావలసింది ఆఖర్న ఎక్కించాలి," అనేవారు అక్కయ్య. విత్తనాల ధాన్యం, తిరగలి, ఊరగాయ జాడీలు ముందు పడవకెక్కాయి. ఉప్పు, పసుపు, అన్నం కుండ చివరిదాకా గడపలోనే ఉన్నాయి. జాడీల మధ్య కొబ్బరిపీచు కూరి, బుట్టను ఒకసారి కుదిపి, "మాట్లాడట్లేదు, పట్టుకెళ్లండి," అనేవారు. నేను సర్దిన జాడీలు ఎప్పుడూ ఒకదానికొకటి తగిలి మాట్లాడేవి. "వదిన కట్టిన మూట చూడు," అని ఈయన అన్నప్పుడల్లా నా మూట విప్పి మళ్లీ కట్టేదాన్ని.

మా ఇంట్లో పాత పొయ్యిలోని నిప్పే కొత్త పొయ్యిలోకి వెళ్లాలి. కుండలో ఊక పోసి, కొబ్బరి డొక్కలు రాజేసి, పైన బూడిద కప్పుతారు. అత్తగారికి నమ్మకమున్న కోడలి చేతికే ఆ కుండ. అది నాకు కావాలి.

"నిప్పు పెద్దమ్మాయి పట్టుకొస్తుందిలే. చిన్నమ్మాయ్, నువ్వు పిల్లిని పట్టుకో," అన్నారు అత్తగారు.

"ఆయ్," అన్నాను.

అత్తగారు ముందు పడవలో వెళ్లారు. అక్కయ్యా నేనూ వెనక పడవ ఎక్కాం.

"అలా మొహం ముడుచుకోకే, పిల్లి జడుసుకుంటుంది," అని నవ్వారు అక్కయ్య. ఆ పిల్లి కూడా నా బుట్టలోంచి దూకి ఆవిడ ఒళ్లోకే పోయింది.

నడి ఏట్లో ఈదరగాలి లేచింది. కుండలో ఎరుపు తగ్గింది. అక్కయ్య ఊదబోతే దగ్గు తెర కమ్మింది. కుండ నా ఒళ్లో పెట్టి, "ఊపిరందట్లేదు చెల్లీ, నువ్వు ఊదు," అన్నారు. కళ్లు మండేదాకా ఊదాను. రాజుకుంది. రేవు దగ్గరపడగానే కుండ ఆవిడకే ఇచ్చేశాను. అత్తగారు తెమ్మన్నది ఆవిణ్ణి కదా.

"మా పెద్దమ్మాయి నిప్పు ఆరనిస్తుందేవిటి!" అన్నారు అత్తగారు, రేవులో నలుగురూ వినేలా.

"నేనెక్కడండీ అత్తయ్యగారూ, ఊదింది చెల్లి. లేపోతే బూడిదే తెచ్చేదాన్ని."

అందరూ నన్ను ఒక్క క్షణం చూశారు. తర్వాత, "ఎంత మంచి మనసో!" అని మళ్లీ ఆవిణ్ణే చూశారు.

ఆవిడ ఊరుకుని ఉంటే బాగుండేది, పిన్నీ. నేను చేసిన పని ఆవిడ లాక్కున్నారని ఎన్నాళ్లైనా కుళ్లుకునేదాన్ని. ఆ వీలు కూడా నాకు ఉంచలేదు.

పోయిన మనిషి మీద అసూయేమిటి అంటావు. ఉంది. పిల్లి ఇప్పటికీ ఆవిడ చాప మీదే పడుకుంటోంది. నిన్న ఆడబిడ్డ ఇంటికి పంపడానికి జాడీలు సర్ది, పీచు కూరి, బుట్ట కుదిపి చూశాను. మాట్లాడలేదు. ఎవరికి చూపించను?

ఇవాళ పొద్దున్న అత్తగారు పొయ్యిలో బూడిద తీసి, అలవాటు కొద్దీ, "పెద్దమ్మాయ్, కాస్త ఊదమ్మా," అన్నారు. అని, చేత్తో నోరు మూసుకున్నారు. నేను "ఆయ్" అని వెళ్లి ఊదాను.

ఇది ఎవరికీ చూపించకు. చదవగానే మీ పొయ్యిలో పెట్టెయ్యి. నిప్పు నీరసంగా ఉంటే కొంచెం ఊదు. అక్కయ్య అని రాసిన చోటు అంటుకునేదాకా పక్కనే కూర్చో.