బాబునెత్తుకున్న అయ్యగారు

భీమవరంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో లోకంలో నాకు తెలియని సంగతి లేదనుకునేదాన్ని. మా లూథరన్ చర్చిలో గోడకి ఒక్క సిలువ తప్ప ఏమీ ఉండదు కాబట్టి పునీతుల విగ్రహాలు ఆ లెక్కలోకి రాలేదు. నా క్లాస్‌మేట్ (ఇప్పుడు మా ఆయన) ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్) వాళ్లబ్బాయి. ఎంతో ఏడిస్తే గాని నాన్న పెళ్లిమాటలకి ఒప్పుకోలేదు. అదీ ఎవరింట్లోనూ కాదు, వాళ్లు మొక్కుకునే మరియమాత పుణ్యక్షేత్రంలో. "పేర్లు చెబితే నీకేం తెలుస్తాయిలే. లోపల బాబునెత్తుకున్న సెయింటు దగ్గరికి వచ్చేయండి" అన్నాడు మా ఆయన, నా మీద జాలితో.

లోపల చిన్న చిన్న ప్రార్థనాలయాలు వరసగా ఉన్నాయి. బాబునెత్తుకున్న గడ్డమాయన మొదట్లోనే కనిపించాడు. ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాం. నాన్న విగ్రహం కేసి చూడరు (చూస్తే మొక్కినట్టవుతుందని భయం), నేల, వాచీ, మళ్లీ నేల. మా సంగతి తెలిసినప్పటి నుంచీ నా ఫోను నాన్న జేబులోనే ఉంది, అడిగే ధైర్యం నాకు లేదు. కొవ్వొత్తులు సగానికి కరిగిపోయాయి. వాళ్ల జాడ లేదు. చివరికి నాన్న లేచారు. "పదమ్మా. మర్యాద తెలియని సంబంధం మనకొద్దు." నాన్న ఒకసారి వద్దంటే ఇక ఆ మాటెత్తనివ్వరు. కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఆ పునీతుడి పేరు తెలియదాయె. మా పాస్టరుగారిని పిలిచినట్టే, "బాబునెత్తుకున్న అయ్యగారండీ, వాళ్లని తీసుకురండి" అని మొక్కేశాను. మా వంశంలో విగ్రహానికి మొక్కింది నేనే మొదలు.

బయటికి దారి అటు చివర. ఏడుపు దిగమింగుకుని నాన్న వెనకే నడుస్తుంటే ఆఖరి ప్రార్థనాలయంలోంచి ఆడగొంతు వినిపించింది. "ఇక రార్రా! పిల్లనిచ్చేవాళ్లకే అంత బిగువైతే మనకెందుకు? పదండి." కాబోయే అత్తగారు!

నాన్న గిర్రున తిరిగారు. "మేం ఇందాకటి నుంచీ బాబునెత్తుకున్న సెయింటు దగ్గరే ఉన్నామండీ!"

"మేమూ ఆయన దగ్గరే కదండీ ఉన్నాం!"

ఆవిడ వెనక ఇంకో పునీతుడు. గోధుమరంగు అంగీ, గడ్డమే లేని నున్నటి మొహం, చేతిలో అచ్చం అలాంటి బాబే. మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, ఈయన అంతోనిగారండీ. అటు మొదట్లో ఉన్న జోజప్పగారి చేతిలోనూ బాబుంటాడని మర్చేపోయాను!"

నాన్న మొదటిసారి తలెత్తి అటొకసారి, ఇటొకసారి చూశారు. "గడ్డం సంగతి ముందే చెప్పాలి కదయ్యా" అన్నారు. ఆ "అయ్యా"తో నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు పునీతుల పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు, మా అమ్మాయికి నేనే నేర్పాను. అయినా మనసు బెదిరినప్పుడు ఒక్క పేరూ గుర్తురాదు. బాబునెత్తుకున్న అయ్యగారండీ అనే వస్తుంది నోటికి. ఆ బెంచీ మీద కళ్లు మూసుకున్న పిల్ల ఇంకా లేవలేదు కాబోలని నవ్వుకుంటాను.